విదేశీ వీధుల్లో కుక్కలు: ప్రయాణికుడికి కనిపించేది, వెనకున్న లెక్క

2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ద్విసభ్య ధర్మాసనం ఒక ఆదేశం ఇచ్చింది. ఢిల్లీలోనూ చుట్టుపక్కల పట్టణాల్లోనూ వీధికుక్కల్ని పట్టుకుని షెల్టర్లలో పెట్టాలి, ఒక్కటి కూడా తిరిగి వీధిలోకి రాకూడదు. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. రేబిస్ ఉన్నవాటిని, మీదపడి కరిచేవాటిని మాత్రం వదలొద్దు. నవంబర్ 7న ఇంకో మాట వచ్చింది. బడులు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో పట్టుకున్నవాటిని మళ్లీ అక్కడే వదలకూడదు. మూడు నెలలు తిరిగేసరికి మూడు ఆదేశాలు. మామూలు మనిషికి ఏది అమల్లో ఉందో, ఏది ఎందుకు మారిందో అంతుపట్టడం కష్టమే.

అప్పట్నుంచి విదేశాలు తిరిగొచ్చిన మనవాళ్ల మాటలు ఈ వాదనలో సాక్ష్యాలవుతున్నాయి. "ఇస్తాంబుల్‌లో కుక్కలు జనం మధ్యే పడుకుంటాయి, ఎవర్నీ ఏమీ అనవు. మనం ఎందుకలా ఉండలేం?" అని ఒకరు. "లండన్‌లో వీధికుక్క మచ్చుకైనా లేదు. మనకేం రోగం?" అని ఇంకొకరు. ఇద్దరూ చూసింది నిజమే. కాకపోతే ప్రయాణికుడు చూసేది ఆ వీధి ఆ రోజున ఎలా ఉందన్నదే. అలా అవడానికి ఎన్నేళ్లు పట్టింది, ఎన్ని కుక్కలు చచ్చాయి, ఖర్చు ఎవరు పెట్టుకున్నారు అన్నవి వీధిలో నిలబడితే కనిపించవు. చర్చకు అసలు కావలసింది మాత్రం అవే.

వీధిలో తిరిగేవన్నీ ఒకే రకం కుక్కలు కావు

యజమాని ఉండి కూడా పగలంతా బయట తిరిగేవి కొన్ని. మన పల్లెల్లో ఇవి చాలా. యజమాని లేకపోయినా వీధివాళ్లు పెట్టే అన్నం తిని ఆ వీధినే కనిపెట్టుకుని ఉండేవి ఇంకొన్ని. ముచ్చటపడి తెచ్చి, విసుగొచ్చాక ఊరవతల వదిలేసినవి మరికొన్ని. ఇవి కాక మనిషి చేతికి అలవాటు పడకుండా చెత్తగుట్టల మీద, మాంసం వ్యర్థాలు పారబోసే చోట గుంపులుగా బతికేవి ఉంటాయి.

ఈ తేడా ఎందుకంటే ఒక్కో రకానికి పనిచేసే ఉపాయం వేరు. యజమాని ఉన్న కుక్క విషయంలో చట్టం పట్టుకోవలసింది యజమానిని. వీధి కుక్క విషయంలో పట్టుకోవలసింది కుక్కనే. గుంపు కుక్కల విషయంలో ముందు చూడాల్సింది వాటికి తిండి ఎక్కణ్నుంచి వస్తోందన్నది.

ప్రభుత్వాల చేతిలో ఉన్న దారులు మూడే. ఒకటి, పట్టుకుని పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలడం. మన దేశంలో 2001 నుంచి నిబంధనల్లో ఉన్నది ఇదే. 2023లో వాటిని తిరగరాశారు గానీ మూలసూత్రం మారలేదు. రెండు, పట్టుకుని షెల్టర్లో పెట్టి, ఎవరైనా పెంచుకుంటే ఇవ్వడం. మూడు, చంపడం. ఏ దేశమూ ఈ మూడింట్లో ఒక్కదాన్నే నమ్ముకుని ఉండలేదు. ఏ పాళ్లలో కలిపింది, ఎంత వేగంగా చేసింది అన్నదగ్గరే తేడా వస్తుంది.

ఇస్తాంబుల్ కుక్క అంత నిబ్బరంగా ఎందుకుంది

కాడికోయ్ ఫెర్రీ రేవు దగ్గర దూడంత కుక్క ఒకటి దారికి అడ్డంగా ఒరిగి నిద్రపోతుంటుంది. ఫెర్రీ దిగిన జనం దాన్ని తప్పుకుని నడుస్తారే గానీ ఎవరూ అదిలించరు. దగ్గరికెళ్లి చూస్తే చెవికి ప్లాస్టిక్ బిళ్ల కనిపిస్తుంది, దాని మీద ఒక అంకె. ఆ నిబ్బరానికి కారణం సగం ఆ బిళ్లలో ఉంది. మున్సిపాలిటీ ఆ కుక్కను ఒకసారి పట్టుకుంది, ఆపరేషన్ చేసింది, టీకా వేసింది, తిరిగి ఇక్కడే వదిలింది. దాని లెక్క కార్యాలయంలో ఉంది. నగరపాలక సంస్థ పశువైద్య బస్సులు చౌరస్తాల్లో ఆగి దెబ్బలు తగిలిన జంతువులకు వైద్యం చేస్తాయి. 2021లో బోజీ అనే వీధికుక్క మెట్రో, ట్రామ్, ఫెర్రీ ఎక్కి రోజూ ఊరంతా తిరుగుతుంటే అధికారులు చిప్ పెట్టి అది ఎక్కడెక్కడికి వెళ్తోందో గమనించారు.

దీని వెనక ఉన్నది 2004లో వచ్చిన 5199 నంబరు జంతు సంరక్షణ చట్టం. ఆపరేషన్, టీకా, తిరిగి వదలడం మున్సిపాలిటీల బాధ్యత అని అది చెప్పింది. ఆపరేషన్ అయిన కుక్క ఆడదాని కోసం కొట్లాడదు, కాపాడుకోవడానికి పిల్లలుండవు. అంగళ్ల ముందు గిన్నెల్లో తిండి, నీళ్లు ఉంటాయి కాబట్టి ఆకలితో మీద పడాల్సిన పనీ లేదు.

మరి తిరిగి వదలాలని అంత గట్టిగా ఎందుకు రాసుకున్నారు? ఒక కారణం 1910. ఆ ఏడాది ఒట్టోమన్ ప్రభుత్వం నగరాన్ని ఆధునికంగా మారుస్తామంటూ వేలకు వేల కుక్కల్ని పట్టి, పడవల్లో ఎక్కించి మర్మరా సముద్రంలోని సివ్రిఅడ అనే రాతి దీవి మీద దించింది. అక్కడ తిండి లేదు, మంచినీళ్లు లేవు. ఒకదాన్నొకటి పీక్కు తిన్నాయి, ఈదబోయి మునిగిపోయాయి. వాటి ఏడుపు గాలివాటున నగరం దాకా వినిపించేదని ఆనాటివాళ్లు చెప్పుకున్నారు. ఆ వెంటనే వచ్చిన భూకంపాన్నీ యుద్ధాలనూ ఆ పాపానికి శిక్షగా భావించినవాళ్లున్నారు. నూరేళ్లు దాటినా టర్కీలో ఈ చర్చ వచ్చిన ప్రతిసారీ ఆ దీవి పేరు వస్తుంది. కుక్క దగ్గర ఆ నగరం చూపించే మెత్తదనంలో ఆ జ్ఞాపకం కూడా కలిసి ఉందని నాకనిపిస్తుంది.

అయితే యాత్రికులు తిరిగేది కాడికోయ్, తక్సీమ్, సుల్తాన్ అహ్మద్ లాంటి చోట్ల. బిళ్ల ఉన్న, వయసు మళ్లిన, జనానికి అలవాటు పడిన కుక్కలు అక్కడుంటాయి. నగరం ఉత్తరపు అంచున అడవుల దగ్గర, కొత్తగా కడుతున్న భవనాల చుట్టూ తిరిగే గుంపులు ఎవరి ఫొటోల్లోకీ రావు. అక్కడివి చాలావరకు ఎవరో తెచ్చి వదిలేసినవీ, వాటికి పుట్టినవీ.

చట్టం మంచిదే, లెక్క కుదరలేదు

2024లో టర్కీ ప్రభుత్వం దేశంలో 40 లక్షల వీధికుక్కలున్నాయని అంచనా చెప్పింది. 20 ఏళ్లలో ఆపరేషన్ అయినవి సుమారు 25 లక్షలని కూడా చెప్పింది. వినడానికి పెద్ద సంఖ్యే. ఏడాదికి సగటు తీస్తే 1.25 లక్షలు. 40 లక్షల్లో అది మూడు శాతం. ఇది చాలా, చాలదా? ఒక చిన్న లెక్క వేసి చూద్దాం.

ఒక ఊళ్లో 1,000 కుక్కలున్నాయనుకోండి, అందులో సగం ఆడవి. ఏడాదికి నాలుగింట ఒకటి, అంటే 250 చచ్చిపోతాయనుకుందాం. ఆపరేషన్ కాని ఒక్కో ఆడకుక్క పిల్లల్లో, పుట్టినవి ఎన్నయినా, సగటున ఒక్కటే ఏడాది దాటి బతుకుతుందనుకుందాం. అసలు ఆపరేషన్లే లేకపోతే ఏడాదిలో 500 కొత్తవి చేరతాయి, 250 పోతాయి. సంఖ్య 1,250 అవుతుంది. ఇవి ఊహించుకున్న అంకెలే. తిండి ఎంత దొరుకుతుందన్నదాన్ని బట్టి నిజంగా ఎక్కడో ఒకచోట పెరుగుదల ఆగుతుంది. కానీ లెక్క నడిచే తీరు ఇదే.

సంఖ్య పెరగకుండా ఉండాలంటే పుట్టి బతికేవి 250 దాటకూడదు. అంటే ఆడవాటిలో కనీసం 250కి ముందే ఆపరేషన్ అయి ఉండాలి. అక్కడితో పని అయిపోదు. మిగిలిన 250 ఆడవాటిలో ఏడాదికి 62 దాకా చస్తాయి, కొత్త పిల్లల్లో 125 ఆడవి ఎదిగొస్తాయి. కాబట్టి ఏటా ఇంకో 63 ఆడకుక్కలకు ఆపరేషన్ చేస్తేనే ఉన్నచోట ఉంటాం. ఇప్పుడు మున్సిపాలిటీ మొత్తం కుక్కల్లో మూడు శాతానికి, అంటే మగా ఆడా కలిపి 30కి చేస్తోందనుకోండి. పదేళ్లు చేసినా, డబ్బంతా ఖర్చయినా, వీధిలో తేడా కనిపించదు. అదే మొదటి ఏడాదిలోనే 400 ఆడకుక్కలకు చేసేస్తే? మిగిలిన 100 వల్ల చేరేవి 100, చచ్చేవి 250. ఏడాదికే 850కి దిగుతుంది. ఆ తర్వాత ఏటా ఓ పాతిక ముప్పైకి చేస్తూపోతే చాలు.

అంటే ఒకే పథకం నెమ్మదిగా చేస్తే డబ్బు దండగ, ఒక్క ఊపులో చేసి విడవకుండా పట్టుకుంటే ఫలితం. "ఆపరేషన్లు చేశాం, పని జరగలేదు" అనేవాళ్లూ "ఆపరేషన్లే మార్గం" అనేవాళ్లూ ఎక్కువగా ఈ వేగం సంగతి ఎత్తకుండానే పోట్లాడుకుంటారు.

2024 చట్టం మీద రెండు పక్షాల మాట

2023 చివర్లో అంకారాలో బడికి వెళ్తున్న పిల్లవాణ్ని కుక్కల గుంపు తీవ్రంగా గాయపరిచింది. అంతకుముందే కుక్కలు తరిమితే పారిపోతూ వాహనాల కింద పడి పిల్లలు చనిపోయిన ఘటనలున్నాయి. అలా బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులు సంఘం పెట్టుకుని వీధులు భద్రంగా ఉండాలని ఉద్యమం చేశారు. 2024 జులై 30న పార్లమెంటు రాత్రంతా చర్చించి చట్టాన్ని మార్చింది. ఇక తిరిగి వదలడం లేదు. కుక్కల్ని షెల్టర్లకు చేర్చాలి, ఎవరైనా పెంచుకునేదాకా అక్కడే ఉంచాలి. కరిచేవాటిని, నయంకాని జబ్బున్నవాటిని చంపొచ్చు. పని చేయని మేయర్లకు రెండేళ్ల దాకా జైలు.

సమర్థించేవాళ్ల వాదన తేలిగ్గా తీసేయాల్సింది కాదు. 20 ఏళ్లు అవకాశమిచ్చాం, సంఖ్య తగ్గలేదు, పిల్లలు చచ్చిపోతున్నారు అని వాళ్లంటారు. వీధిని కుక్కలతో పంచుకోవడం ముచ్చటగా ఉండేది కారుల్లో తిరిగేవాళ్లకే. తెల్లవారకముందే పనికి నడిచిపోయేవాళ్లకు కాదు. ఈ మాట మన దగ్గర పారిశుధ్య కార్మికుల్ని అడిగినా చెబుతారు.

వ్యతిరేకించేవాళ్లు అంకెలు చూపిస్తారు. చట్టం వచ్చేనాటికి దేశంలోని షెల్టర్లు 322, వాటిలో పట్టే కుక్కలు 1,05,000. ఉన్నవి 40 లక్షలు. అంటే 38 కుక్కలకు ఒక్కదానికే చోటు. మిగతా 37 ఏమవుతాయి? అందుకే వాళ్లు దాన్ని ఊచకోత చట్టం అన్నారు. పైగా ఆ ఏడాది మార్చిలో జరిగిన స్థానిక ఎన్నికల్లో పెద్ద నగరాలు ప్రతిపక్షానికి దక్కాయి కాబట్టి, జైలు శిక్ష నిబంధన తమ మేయర్ల కోసమే పెట్టారని ప్రతిపక్షం ఆరోపించింది. రాజ్యాంగ న్యాయస్థానం 2025లో వాళ్ల అభ్యంతరాన్ని కొట్టేసింది. షెల్టర్లు కట్టుకోవడానికి మున్సిపాలిటీలకున్న గడువు 2028 ఆఖరు.

నాకు ఈ వాదనలో బలంగా తోచేది చోటు లెక్క. షెల్టర్ మాట ఎత్తినవాళ్లు ఎన్నింటికి, ఎన్నేళ్లకు, ఎవరి డబ్బుతో అన్నది చెప్పకపోతే, ఆ మాటకు మిగిలే అర్థం చంపడమే.

బుకారెస్ట్ వీధులు ఎలా ఖాళీ అయ్యాయి

ఆ అర్థాన్ని దాచుకోకుండా అమలు చేసిన నగరం రుమేనియా రాజధాని బుకారెస్ట్. 1980లలో నియంత చౌషెస్కూ ప్రభుత్వం పాత ఇళ్ల పేటలకు పేటలు కూలగొట్టి జనాన్ని అపార్ట్‌మెంట్లకు తరలించింది. పెరట్లో కట్టేసుకునే కుక్కలకు ఆ ఫ్లాట్లలో చోటు లేదు. వీధుల్లో వదిలేశారు. 2000 తర్వాత మేయర్ బసెస్కూ హయాంలో పెద్ద ఎత్తున చంపించారు. 2008లో ఆరోగ్యంగా ఉన్న కుక్కను చంపడం చట్టవిరుద్ధమైంది. 2013 నాటికి నగరపాలక సంస్థ లెక్క మళ్లీ 64 వేలు.

ఆ సెప్టెంబర్‌లో ఒక పార్కు దగ్గర నాలుగేళ్ల బాబును కుక్కలు చంపేశాయి. అదే నెలలో కొత్త చట్టం వచ్చింది. పట్టుకున్న కుక్కను 14 పనిదినాలు ఉంచాలి, ఎవరూ తీసుకోకపోతే చంపొచ్చు. జంతు సంఘాలు కొన్నిటిని జర్మనీకీ బ్రిటన్‌కూ పెంపకానికి పంపాయి. చాలావాటికి ఆ అదృష్టం లేదు. నేడు బుకారెస్ట్ నడిబొడ్డున వీధికుక్క కనబడటం అరుదు.

దీన్నుంచి ఇద్దరూ తమకు కావలసింది తీసుకుంటారు. మొదటిసారి చంపినా పదేళ్లకే మళ్లీ నిండాయి కాబట్టి చంపడం వృథా అని ఒకరు. రెండోసారి ఆపకుండా చేశారు కాబట్టి ఖాళీ అయ్యాయి అని ఇంకొకరు. రెండింట్లోనూ నిజముంది. ఒక వీధి ఖాళీ అయితే పక్కవీధి కుక్కలు వచ్చి చేరతాయన్నది జంతు సంఘాల వాదన. చెత్త, తిండి అలాగే ఉండి, పట్టడం మధ్యలో ఆగితే అది జరుగుతుంది. ఆపకుండా పడుతూ, పెంచుకునేవాళ్లు వదిలేయకుండా కట్టడి చేస్తే జరగకపోవచ్చు. ఆ తోవలో వేల ప్రాణాలు పోతాయన్నది మాత్రం తప్పించుకోలేని మాట.

లండన్‌లో ఎందుకు లేవు

లండన్‌లో తప్పిపోయిన, ఆకలితో ఉన్న కుక్కల కోసం ఆశ్రయం తెరిచింది 1860లో. తర్వాత బాటర్‌సీకి మారి నేటికీ నడుస్తోంది. కుక్కల మూతికి చిక్కం తప్పనిసరి చేసి, నౌకల్లో వచ్చే జంతువుల్ని నెలల తరబడి విడిగా ఉంచి, 1902లో రేబిస్‌ను తరిమారు. మొదటి ప్రపంచయుద్ధం చివర్లో అది మళ్లీ వస్తే 1922కి మళ్లీ తరిమారు. 1990 చట్టం ప్రకారం దొరికిన కుక్కను యజమాని కోసం ఏడు రోజులు ఉంచాలి. ఆ తర్వాత ఇంకొకరికి ఇవ్వొచ్చు, చంపనూ వచ్చు. 2016 నుంచి ప్రతి కుక్కకూ యజమాని వివరాలున్న మైక్రోచిప్ తప్పనిసరి.

ఇక్కడ బరువంతా యజమాని మీద పడింది. నెదర్లాండ్స్‌లో చాలా మున్సిపాలిటీలు కుక్క పన్ను వసూలు చేసేవి, కొన్ని ఇప్పటికీ చేస్తున్నాయి. ఒక్క ఆపరేషన్ల పథకంతో ఆ దేశం వీధికుక్కల్లేనిదైందని చెప్పే వాట్సాప్ సందేశాలు ఈ పొడవాటి చరిత్రను వదిలేస్తాయి. అమెరికా వీధుల్లోనూ మనవాళ్లకు కుక్కలు కనిపించవు. అక్కడి షెల్టర్లలో ఏటా లక్షల కుక్కలకు ప్రాణం తీసే ఇంజెక్షన్ ఇస్తారు.

భూటాన్: చిన్న దేశం, పద్నాలుగేళ్లు

థింఫూలో పగలు కుక్కలు ఎండకు పడుకుంటాయి, రాత్రంతా మొరుగుతాయి. పర్యాటకులకు నిద్ర ఉండదని అక్కడ పాత ఫిర్యాదే. బౌద్ధ దేశంలో చంపే మాట లేదు. దొడ్లలో బంధించి చూస్తే కుదరలేదు. 2009లో అంతర్జాతీయ జంతు సంక్షేమ సంస్థ సాయంతో దేశవ్యాప్తంగా ఆపరేషన్లు మొదలుపెట్టారు. ఆఖరి దశలో దేసుంగ్ స్వచ్ఛంద సేవకుల్ని దింపి లోయ లోయా తిరిగి మిగిలినవాటిని పట్టారు. 2023 అక్టోబర్‌లో వీధికుక్కలన్నిటికీ ఆపరేషన్ పూర్తయిందని ప్రకటించారు. మొత్తం ఆపరేషన్లు లక్షన్నర పైనే. పెంపుడు కుక్కలకు చిప్‌లు కూడా వేశారు.

ఇందులో గమనించాల్సింది ఏమంటే, ఇంత చేసినా థింఫూ వీధుల్లో కుక్కలు ఇంకా ఉన్నాయి. ఆపరేషన్ అయిన కుక్క మరుసటి రోజే మాయం కాదు. అది బతికినన్నాళ్లు బతుకుతుంది, మొరుగుతుంది, బెదిరితే కరుస్తుంది కూడా. ఈ పద్ధతిలో ఫలితం ఏళ్ల మీద కనబడుతుంది. నిన్న బిడ్డను కరిపించుకున్న తల్లికి ఆ జవాబు చాలకపోవడం సహజం.

రేబిస్ వేరు, కాటు వేరు

2008 చివర్లో బాలి దీవిలో మొదటిసారి రేబిస్ బయటపడింది. అధికారులు విషం పెట్టి కుక్కల్ని చంపడం మొదలుపెట్టారు. జనం తమ కుక్కల్ని దాచారు, వేరే ఊళ్లకు తరలించారు, పోయినవాటి చోట టీకా లేని కొత్త పిల్లల్ని తెచ్చుకున్నారు. జబ్బు దీవంతా పాకింది. 2010లో దారి మార్చి దీవిలోని కుక్కలన్నిటికీ టీకాల కార్యక్రమం పెట్టాక మనుషుల చావులు తగ్గాయి. కుక్కల్లో 70 శాతానికి టీకా ఉంటే జబ్బు గొలుసు తెగుతుందన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకున్న కొలత. సంఖ్య తగ్గకపోయినా రేబిస్ చావులు ఆపొచ్చు. కాట్లు మాత్రం అలా తగ్గవు. ఈ రెండు లక్ష్యాలనూ కలిపేస్తే చర్చ తప్పుదారి పడుతుంది.

వైద్యవిద్యకు మన పిల్లలు ఎక్కువగా వెళ్లే జార్జియా దేశంలో దీన్ని దగ్గరగా చూడొచ్చు. త్బిలిసి, బటూమి వీధికుక్కల చెవులకు బిళ్లలుంటాయి. 2020లో బటూమిలో కుపాతా అనే కుక్క కార్లను మొరిగి ఆపి, చిన్నపిల్లల్ని రోడ్డు దాటించి పేరు తెచ్చుకుంది. చెవి బిళ్ల చెప్పేది ఆ కుక్కకు ఒకసారి టీకా పడిందని మాత్రమే. ఆ టీకా బలం ఇంకా ఉందో లేదో బిళ్ల చూసి తెలియదు. కాబట్టి అక్కడ కరిచినా డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే.

మన వీధికి వస్తే

2019 పశుగణన ప్రకారం దేశంలో వీధికుక్కలు 1.53 కోట్లు. ఇటీవలి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే అంచనాలో ఏటా జంతువుల కాట్లు 91 లక్షలు, వాటిలో నాలుగింట మూడు కుక్కలవి. రేబిస్ చావులు 5,700 పైన. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును కుక్కలు చంపినప్పుడు ఊరు మొత్తం బుకారెస్ట్‌లాగే వణికిపోయింది. ఆ వారం వినిపించిన డిమాండ్లు కూడా దాదాపు అవే.

మనకూ చట్టం ఉంది, పద్ధతి ఉంది. లేనిది టర్కీకి లేనిదే. మున్సిపాలిటీలు సాధారణంగా పత్రికలకు ఇచ్చేది ఒకే అంకె: ఈ ఏడాది ఇన్ని వేల ఆపరేషన్లు చేశాం. దాన్నిబట్టి పని జరుగుతోందో లేదో ఎవరూ చెప్పలేరు. ఆ వార్డులో మొత్తం కుక్కలెన్ని, ఆడవాటిలో ఆపరేషన్ అయినవి ఎన్ని, టీకా గడువు దాటనివి ఎన్ని, మాంసం వ్యర్థాలు ఎక్కడ పడుతున్నాయి, పక్క వార్డులో పని ఎప్పుడు మొదలవుతుంది అన్నవి కూడా చెప్పాలి. షెల్టర్ కడతామంటే ఎన్నింటికి, ఒక్కోదానికి రోజుకు ఎంత ఖర్చుతో, ఎన్నేళ్లు అన్నవీ చెప్పాలి. కోర్టు ఆదేశం ఏదైనా, దాన్ని అమలు చేసే మున్సిపల్ కమిషనర్ టేబుల్ మీద ముందు ఉండాల్సిన కాగితం ఇదే.